మస్తానన్న పెట్టే రాయి

దెయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నేను లేచి వెళ్లిపోయే రకం. చాలా ఏళ్లుగా మార్టూరులో జీపులు, లారీలు బాగుచేస్తున్నాను. శబ్దం వచ్చిందంటే ఎక్కడో బోల్టు వదులైనట్టే అని నమ్మి బతికినవాణ్ణి. ఈ ఒక్క సంగతిలో మాత్రం ఏది ఊడిపోయిందో నాకు తెలుసు. బండి ఎందుకు ఆగిందో తెలియదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఊరి బయట గ్రానైట్ క్వారీలో ఒక పాత జీపు ఉండేది. దాని డ్రైవరు మస్తానన్న. యాభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. జీపు ఎక్కడ ఆపినా గేరులో వదిలి దిగి, సీటు కింద నుంచి ఒక రాయి తీసి వెనక చక్రానికి అడ్డం పెట్టేవాడు. పాలిష్ పట్టేచోట పనికిరాదని పారేసిన నల్లరాయి ముక్క అది. ఒక పక్క మందంగా, ఒక పక్క పలచగా ఉండేది. మా వైపు క్వారీ డ్రైవర్లందరికీ ఆ అలవాటుంది. హ్యాండ్ బ్రేకు ఎంత బాగున్నా రాయి ఉండాల్సిందే.

నాకది చూస్తే ఒళ్లు మండేది. నేను బ్రేకు బిగించి పంపాక కూడా రాయి పెట్టడమంటే నా పనికి వంక పెట్టడమే కదా.

"ఇంకా ఆ రాయెందుకన్నా, అవతల పారెయ్" అనేవాణ్ణి.

"ఉండనీరా శీనా. తిండి అడుగుద్దా, నీళ్లడుగుద్దా" అని నవ్వేవాడు.

నిజానికి వంక పెట్టదగ్గ పనే నాది. ఆ పాత జీపుకి హ్యాండ్ బ్రేకు చక్రాల దగ్గర ఉండదు, గేర్‌బాక్సు వెనక ఒక చిన్న డ్రమ్ములో ఉంటుంది. గేర్‌బాక్సు ఆయిల్ కారి అందులోకి దిగితే డ్రమ్మును పట్టి ఆపే లోపలి లైనింగులు జారిపోతాయి. పట్టు తగ్గిందంటే ముందు డ్రమ్ము ఊడదీసి చూడాలి. పూటంతా పట్టే పనని నేను చూసేవాణ్ణి కాదు. కేబులు చివర నట్టు రెండు చుట్లు బిగించి పంపేసేవాణ్ణి. వారం పదిరోజులు ఆగేది. మస్తానన్న మళ్లీ వచ్చేవాడు, మళ్లీ రెండు చుట్లు.

ఒక వేసవిలో మస్తానన్న గుండెనొప్పితో ఇంట్లోనే పోయాడు. ఎన్నాళ్లుగానో వాడిన వస్తువని ఆ రాయిని ఆయన గోరీకి తలవైపు పాతారు. పాతుతుంటే నేను పక్కనే ఉన్నాను. తర్వాత ఆయన భార్య కరీమా అక్క అదే క్వారీలో రాళ్లెత్తే పనికి కుదిరింది.

రెండు నెలలకి క్వారీ ఓనరు నాకు కబురు పెట్టాడు, జీపు బ్రేకు ఆగడం లేదని. వెళ్లి, అలవాటు ప్రకారం జీపు కిందకి దూరి నట్టు తిప్పాను. ఇంక తిరగనని మొరాయిస్తున్నా బలవంతంగా బిగించాను. క్వారీలోకి దిగే ఏటవాలు దారి మీద జీపు ముక్కు పైకి పెట్టి ఆపి, న్యూట్రల్ చేసి, హ్యాండ్ బ్రేకు లాగి దిగాను. కదల్లేదు. నా పనితనానికి నేనే మురిసిపోయాను. రాయి పెట్టాలనే ఆలోచన రాలేదు. వచ్చినా పెట్టేవాణ్ణి కాదు.

మిట్టమధ్యాహ్నం. ఆ దారి చివర, జీపుకి సరిగ్గా వెనక, రాతి దిమ్మె నీడలో నలుగురు ఆడవాళ్లు క్యారేజీలు విప్పుకున్నారు. కరీమా అక్క నన్ను చూసి కేకేసింది. "శీనయ్యా, ఎండన పడి చేశావు. రా, రెండు ముద్దలు తిని పో."

వెళ్లి జీపు వైపు వీపు పెట్టి కూర్చున్నాను. ఇరవై నిమిషాలు తిని ఉంటాను.

తిరిగి వెళ్లేసరికి జీపు నేను ఆపినచోట లేదు. మూరెడు కిందికి జరిగి ఉంది. హ్యాండ్ బ్రేకు పట్టుకుంటే చేతిలో వదులుగా ఊగింది. వంగి చూశాను. నట్టు మరలు అరిగి ఊడిపోయింది, కేబులు కిందకి వేలాడుతోంది. గేరు న్యూట్రల్‌లోనే ఉంది.

వెనక చక్రం దగ్గర ఏ రాయీ లేదు. రాతిపొడిలో రాయి పెట్టి తీసిన గుర్తు మాత్రం ఉంది. ఒక పక్క లోతుగా, ఒక పక్క పలచగా, అంచులు చెదరకుండా. టైరు సరిగ్గా ఆ గుర్తుకి ఆనుకుని ఆగింది. చుట్టూ నా చెప్పుల జాడలు తప్ప ఇంకెవరివీ లేవు.

"లెగండి, పక్కకి పోండి" అని అరిచాను. ఆడవాళ్లు కంచాలు వదిలేసి పరిగెత్తారు. చేతికందిన బండ ఒకటి తెచ్చి టైరుకి కాస్త ఎడంగా పెట్టాను. అది పెట్టాకే జీపు కదిలింది. నెమ్మదిగా వచ్చి, బరువంతా నా బండ మీద వేసి ఆగింది.

కరీమా అక్క వచ్చి చక్రం వైపు చూసింది.

"నీ బ్రేకు ఆగదని మీ అన్నకి తెలుసు శీనయ్యా" అంది. "ఓనరుకి చెప్పమని నేను ఎన్నిసార్లు పోరానో. శీనయ్య పిల్లలు గలోడు, చెడ్డపేరొస్తే ఎట్టా, నా రాయుందిగా అనేవాడు."

ఆ మాటకి అక్కడే, అందరి ముందూ ఏడ్చాను. సిగ్గనిపించలేదు.

ఆ సాయంత్రమే డ్రమ్ము ఊడదీశాను. లైనింగులు ఆయిల్‌లో నానిపోయి ఉన్నాయి. కారుతున్న సీలు మార్చి కొత్త లైనింగులు వేశాను. మస్తానన్న నన్ను నాలుగేళ్లు అడిగిన పని అది, ఒక్క పూటలో అయిపోయింది.

మర్నాడు పొద్దున్నే గోరీ దగ్గరికి వెళ్లాను. రాయి పాతినచోటే ఉంది. దాని చుట్టూ మట్టి కదల్లేదు, గడ్డి కూడా మొలిచింది. ఒక అంచున టైరు నల్లమరక ఉంది. అది పాతదే అయ్యుంటుంది.

డ్రమ్ములో ఏదో పట్టేసి బండి ఆగి ఉంటుందని నాకు నేను చెప్పుకుని చూశాను. కానీ ఊడదీసేముందు ఆ డ్రమ్మును చేత్తో తిప్పింది నేనే. అడ్డు లేకుండా తిరిగింది. మరి ఆ మూరెడు దగ్గర జీపును ఆపిందేమిటో ఇప్పటికీ చెప్పలేను.

ఆ తర్వాత డ్రమ్ము విప్పి చూడకుండా ఏ జీపునీ పంపలేదు. పంపేముందు ఏటవాలులో ఆపి, హ్యాండ్ బ్రేకు లాగి, దాని వెనక నేనే నిలబడతాను.