పేరు అడగని మేడం

మా మేడం పోయిన సంగతి నాకు పెనుకొండలో, పరీక్ష హాల్లో డ్యూటీలో ఉండగా తెలిసింది. ఫోను బల్ల మీద వణికి ఆగి మళ్ళీ వణికింది. ధర్మవరం నుంచి ఆమె తమ్ముడు. వరండాలోకి వచ్చి తీశాను.

"అక్క పోయిందమ్మా," అన్నాడు. "పొద్దున కాఫీ తాగి పేపరు చదువుతా కూర్చునింది. టిఫిను తెచ్చే లోపల అయిపోయింది. ఎవురికీ పని పెట్టలేదు."

ఆ చివరి మాట ఆయన గర్వంగానే అన్నాడు. మేడం విని ఉంటే ఆమెకూ నచ్చేది. నేను హాల్లోకి వెళ్ళి, గంట కొట్టేదాకా ఉండి, కాగితాలు ఒప్పజెప్పి బస్సెక్కాను. పని మధ్యలో వదిలి వచ్చి ఉంటే ఆమె మెచ్చుకునేవారు కాదు.

ఆమె యూనివర్సిటీలో మనస్తత్వశాస్త్రం చెప్పేవారు. నా పరిశోధనకు గైడు. పని చోటా చదువు చోటా మనిషి మనసు మీద పడే బరువు గురించి ఆమె ఉద్యోగం ఉన్నంతకాలం పని చేశారు. ఇప్పుడు స్ట్రెస్ అనే మాట పిల్లలు కూడా అంటున్నారు. ఆమె మొదలుపెట్టినప్పుడు మా వైపు దానికి పేరు లేదు. "ఆ పిల్లకు ఏదో అయింది" అనేవాళ్ళు, అంతే. ఇక్కడ నేను ఆమె పేరు రాయడం లేదు. ఆమెకు అది ఇష్టం ఉండదు.

ధర్మవరంలో వాళ్ళది నేత ఇల్లు. నేను వెళ్ళేసరికి ఆ వీధిలో మగ్గాలన్నీ ఆపేశారు. ముందు గదిలో ఆమెను పడుకోబెట్టారు. ఎప్పుడూ కట్టే నూలు చీరే కట్టారు. పట్టు నేసే ఇంట్లో పుట్టి నూలు ఎందుకు కడతారని ఎవరో అడిగితే, "నేసేవాళ్ళకు తెలుసు దాని బరువు" అన్నారట. తమ్ముడి భార్య ఆ మాట చెప్పి, నవ్వబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆమె పాఠం ఆ ఇంట్లోనే మొదలైంది. మగ్గం మీద ఒక పడుగు అయిపోతే కొత్త పడుగు పోగులను పాత పోగుల కొసలకు ఒక్కొక్కటే మెలిపెట్టి కలపాలి. అచ్చు అతకడం అంటారు. వేల పోగులు. ఆడవాళ్ళు పక్కపక్కన కూర్చుని, కళ్ళు పోగు మీద నుంచి ఎత్తకుండా చేస్తారు. "మా అమ్మ మనసులో మాట అప్పుడే చెప్పేది," అని మేడం ఒకసారి నాతో అన్నారు. "పని అయి లేచి నిలబడితే మళ్ళీ మామూలే. ఏమైందమ్మా అని ఎదురుగా నిలబడి అడిగితే, ఏం లేదు పో అనేది. ఎదురుగా కూర్చుంటే జవాబు వస్తాది పాపా. పక్కన కూర్చుంటే మాట వస్తాది."

యూనివర్సిటీలో ఆమె గదిలో బల్లకు ఎదురుగా కుర్చీ ఉండేది కాదు. పక్కన, కిటికీ వైపు తిప్పి ఉండేది. కొత్తగా వచ్చిన పిల్లలు దాన్ని ఎదురుగా లాక్కోబోతే, "ఏమప్పా, కోర్టుకు వచ్చినావా? ఆ పక్కకే ఉండనీ" అనేవారు. ఇద్దరూ కిటికీ లోంచి సైకిల్ స్టాండు చూస్తూ మాట్లాడేవాళ్ళు. ఏడ్చేవాళ్ళకు నీళ్ళిచ్చి ఊరుకునేవారు. ఓదార్చడం ఆమెకు వచ్చేది కాదు. ఏడుపు ఆగాక, "ఊ, ఇప్పుడు చెప్పు" అనేవారు. కోపం కూడా ఎక్కువే. నా మొదటి అధ్యాయం తిరిగి ఇస్తూ, "ఇందులో నువ్వు యాడుండావు? నాకు కనపడలా" అన్నారు.

మాది గుడిబండ దగ్గర పల్లె. వేరుశెనగ, మా మాటలో చెనిక్కాయ, వేసే ఇల్లు. పరిశోధనకు ఎంపిక రోజున ఆమె నన్ను ఒక్క ప్రశ్నే అడిగారు.

"స్ట్రెస్ మీద ఎందుకు చేస్తావు?"

"ఇప్పుడు అందరూ దాని మీదే చేస్తాండారు మేడం."

"నిజం చెప్పినావు. సరే, వాన రాకపోతే మీ నాయన ఏం చేస్తాడు?"

"ఏం చెయ్యడు మేడం. మాట్లాడడు. చేను దాకా పోతాడు, వస్తాడు, మళ్ళీ పోతాడు."

"అది రాసుకో. పుస్తకాల్లో దాన్ని ఏమంటారో తరవాత చూద్దాం."

మా పల్లెల్లో అప్పటికే ఒకే ఇంట్లో అక్క హిందూపురం బట్టల ఫ్యాక్టరీలో మిషను ముందు కూర్చోవడం, చెల్లెలు యూనివర్సిటీలో చదవడం మామూలైంది. ఇద్దరికీ నిద్ర పట్టదు. ఎవరికి ఎందుకు పట్టదో చూడాలి. అదీ మేడం నాకిచ్చిన పని.

మొదట ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ప్రశ్నల కాగితాలు పంచాను. పైన పేరు, కింద ప్రశ్నలు, పక్కన టిక్కు పెట్టడానికి గడులు. ఆఫీసు మనిషి ఒకాయన గుమ్మం దగ్గర నిలబడ్డాడు. అమ్మాయిలు అన్నం తిని చేతులు కడుక్కొని చకచకా రాసిచ్చారు. నేను ఆ కట్ట ఒళ్ళో పెట్టుకుని బస్సులో సంతోషంగా వచ్చాను.

మేడం నాలుగు కాగితాలు తిప్పి ఆగారు. ఇంకా కొన్ని తిప్పారు. తరవాత నవ్వడం మొదలుపెట్టారు.

"ఏం పాపా, వీళ్ళందరూ ఒకటే మనిషా?"

అన్నిటిలో టిక్కులు ఒకే చోట ఉన్నాయి. ఒక ప్రశ్న దగ్గర పెట్టిన టిక్కును కొట్టేసి పక్క గడిలో మళ్ళీ పెట్టిన గుర్తు కూడా అందరి కాగితాల్లో ఉంది.

ఆ వారంలోనే ఇద్దరం ఫ్యాక్టరీ గేటు బయట టీ అంగడి దగ్గర నిలబడ్డాం. షిఫ్టు వదిలాక కొందరు మమ్మల్ని చూసి వచ్చారు. నల్లమాడ నుంచి వచ్చిన పిల్ల ఒకతె ముందు నోరు విప్పింది.

"మా లైన్లో డిగ్రీ చదివింది కనగానపల్లి అక్క ఒకతే మేడం. ఆమె రాసింది చూసి రాస్తిమి. తప్పు పోతే ఎట్ల?"

"తప్పేముండాది అందులో?"

"తప్పు రాసినోళ్ళను తీసేస్తారు గదా."

"ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. అట్లాంటివి చెప్పి చేస్తారా యాడన్నా?"

వెనక నుంచి కనగానపల్లి అక్క ముందుకు వచ్చింది. ఆమె ముఖం నిజంగానే వాడి ఉంది. "ఆ కొట్టేసింది నాదే మేడం. అది తప్పేమో, నా వల్ల అందరికీ మార్కులు పోతాయేమో అని ఆ పొద్దు నుంచి భయపడతాండా."

మేడం చేతిలో టీ ఒలికేంతగా నవ్వారు. బస్సులో మాత్రం నవ్వలేదు. "ఇది కాపీ కాదు పాపా. ఒకరు వేరేగా కనపడితే ఆ ఒకరిని పట్టుకుంటారని వాళ్ళకు తెలుసు. అందుకే అందరూ ఒకటైనారు. నేను ఇన్నేళ్ళు చదివినా నాకు ఇది తట్టలా."

మళ్ళీ చేయాలంటే అనుమతి కావాలి. మేనేజరు మమ్మల్ని మర్యాదగా కూర్చోబెట్టి కాఫీ తెప్పించాడు. చెడ్డవాడేం కాదు.

"చేసుకోండి మేడం. ఒక్కటే మాట. నిద్ర పట్టదు, భయంగా ఉంటుంది అని చెప్పేవాళ్ళ పేర్లు మాకివ్వండి. వాళ్ళ మంచికే. తేలిక పనికి మారుస్తాం."

"తేలిక పని మీ దగ్గర యాడుండాది సార్? పోయి చూసొద్దాం, చూపించండి."

ఆయన నవ్వి కాఫీ కప్పు ముందుకు జరిపాడు. చూపించలేదు. పేర్లు ఇవ్వకపోతే లోపలికి రానివ్వలేనన్నాడు. మేడం కాఫీ పూర్తిగా తాగి, బాగుందని చెప్పి లేచారు.

బయట రోడ్డు మీద నేను ఉండబట్టలేక అడిగాను. గడువు దగ్గర పడింది. మా ఊరి నుంచి పిహెచ్‌డీ దాకా వచ్చిన మొదటి ఆడపిల్లను నేనే. ఖాళీ చేతులతో తిరిగి పోతే నా వెనక ఉన్న పిల్లలను ఎవరూ పంపరు. "మేడం, ఇట్లయితే నా పిహెచ్‌డీ పోతాది."

ఆమె నన్ను ఓదార్చలేదు. "పేర్లిస్తే నీకు డిగ్రీ వస్తాది, ఆ పిల్లకు పని పోతాది. ఇవ్వకపోతే ఆ పిల్ల పని ఉంటాది, నీ డిగ్రీ పోతాది. రెండూ పోకుండా చూద్దాం, పద." కాసేపు నడిచాక అడిగారు: "మీ ఇంట్లో విత్తనం కాయలు ఒలిచేది ఉండాదా?"

ఎండాకాలం అది. విత్తనానికి కాయలు ఒలిచే రోజులు. మా నాయన మూటలు కట్టి బస్సు మీద వేశాడు. ఆదివారాలు హిందూపురంలో ఆ అమ్మాయిలు అద్దెకుండే గదులకు పోయేవాళ్ళం. మేడం నేల మీద గోడకు ఆనుకుని కూర్చుని, కాయలు మధ్యలో పోసి ఒలవడం మొదలుపెట్టేవారు. అడగకుండానే చేతులు వచ్చి కలిసేవి. ఎందుకు వచ్చామో, ఏం రాస్తామో ముందే చెప్పి, వద్దంటే లేచిపోతామని చెప్పేవారు. నాకు పెట్టిన నియమం ఒకటే: "ఊరడుగు. పేరు అడగొద్దు. మనకు తెలియంది మన నోట్లో నుంచి ఎవరూ లాగలేరు."

అందుకే ఇవాళ్టికీ నాకు ఆ పిల్ల నల్లమాడ పిల్లే, ఈమె కనగానపల్లి అక్కే.

ఆ గదుల్లో ఒక్కరి మాట ఇంకొకరి మాటలా లేదు.

"బాత్రూముకు పోయి వస్తే పీసులు తగ్గుతాయి మేడం. అందుకే నేను నీళ్ళు తాగను."

"నాకు కలలో సూపర్‌వైజరు వస్తాడు."

"కలలోకి కూడా వస్తాడా? ఓవర్‌టైం రాసుకోమను!"

గది అంతా నవ్వు. ఆ నవ్వు మధ్యలోనే ఒకతె తల ఎత్తకుండా, "నాకు తెల్లారితే ఏడుపు వస్తాది మేడం, ఎందుకో తెలీదు. ఇంట్లో చెప్పొద్దు" అంది. మేడం ఆమె వైపు చూడలేదు. ఇంకో గుప్పెడు కాయలు ఆమె ముందుకు జరిపారు.

యూనివర్సిటీ పిల్లలనూ హాస్టల్లో అట్లాగే కలిశాం. అక్కడా అదే మాట, ఇంట్లో చెప్పొద్దు. ఒక అమ్మాయి అంది: "మా అక్క ఆడ మిషను తొక్కుతాంటే, ఈడ బుక్కు మూసేకి నాకు భయం మేడం."

విత్తనాలు ఇంటికి చేరాక మా నాయన ఒక గుప్పెడు తీసి చూసి, "నీ చదువేందో నాకు తెలీదు గానీ పాపా, కాయలు మాత్రం బాగా ఒలిచినారు" అన్నాడు. మేడంకు చెబితే, మొదటి సర్టిఫికెట్ వచ్చిందన్నారు.

అసలు గొడవ డిపార్ట్‌మెంటులో వచ్చింది. ఫ్యాక్టరీ అనుమతి లేకుండా చేశారని, పేర్లు లేకుండా ఇది నిజమని ఎట్లా నమ్మేదని మా హెడ్ సార్ అడిగారు. నేను ఆమె వెనక నిలబడి ఉన్నాను.

"గదులు వాళ్ళవి, ఆదివారం వాళ్ళది, మాట వాళ్ళది. అనుమతి వాళ్ళే ఇచ్చినారు సార్," అన్నారు మేడం.

"పేర్లు?"

"రాసుకోలేదు. రాసుకోనిది ఎట్లిచ్చేది? పేర్లుండే కట్ట కావాలంటే నా బీరువాలో ఉండాది. అందులో అందరూ ఒకే మనిషి. అది నిజమా, ఇది నిజమా, మీరే చూడండి."

రెండు కట్టలూ తెప్పించి బల్ల మీద పెట్టారు. ఆ సంగతి తేల్చడానికి యూనివర్సిటీ కమిటీ చాలాకాలం తీసుకుంది. చివరికి ఒప్పుకుంది. గైడుగా బాధ్యత అంతా తనదని ఆమె రాసి సంతకం పెట్టారు. ఆ ఏడాది ఆమెకు రావలసిన హెడ్ పదవి ఇంకొకరికి పోయింది. దాని గురించి నేను అడగబోతే, "కామాలు సరిగ్గా పెట్టడం నేర్చుకో ముందు" అన్నారు.

ఆ పని వల్ల ఫ్యాక్టరీ మారిపోయిందని నేను చెప్పను. గంట గంటకూ ఎవరెన్ని పీసులు చేశారో పేర్లతో రాసే బోర్డు తీసేశారని విన్నాను. మళ్ళీ పెట్టారనీ విన్నాను. ఆమె రిటైరయ్యాక అదే మేనేజరు మనిషిని పంపించాడు. వచ్చి అమ్మాయిలకు శ్వాస ఎట్లా పీల్చుకోవాలో, మనసు ఎట్లా నెమ్మది చేసుకోవాలో చెప్పమని. "గాలి పీల్చుకునేది వాళ్ళకు వచ్చు," అని ఆమె చెప్పి పంపారు. "గాలి ఆడేది మీరు చూసుకోండి."

ఆమె దగ్గర చదివామని చెప్పుకునేవాళ్ళం ఈ జిల్లాలో చాలామందిమి ఉన్నాం. కాలేజీల్లో, ఆసుపత్రుల్లో, హాస్టళ్ళలో. మేము మంచివాళ్ళమో కాదో గాని, మా దగ్గర చెప్పిన మాట ఇంకో గదికి పోదు. ఆమె మాకు నేర్పింది అదే. నేను దానికి గర్వపడతాను.

నాకు డిగ్రీ వచ్చిన వారం మేడం నన్ను మళ్ళీ హిందూపురం తీసుకుపోయారు. "మనకు డిగ్రీ వచ్చింది, వాళ్ళకేమొచ్చింది? ఏం తేలిందో వాళ్ళకు చెప్పల్ల గదా." ఆదివారం మధ్యాహ్నం. గదుల ముందు కొళాయి దగ్గర బట్టలు ఉతుకుతున్నారు. మేడం మెట్టు మీద కూర్చుని, మేము తెలుగులో రాసుకుపోయిన రెండు పేజీలు చదివారు. కొందరు విన్నారు, కొందరు బట్టలు పిండుతూ విన్నారు. నల్లమాడ పిల్ల తలస్నానం చేసి వచ్చి మేడం భుజం మీదుగా కాగితంలోకి వంగింది. అక్కడ అంకెల పట్టిక ఉంది.

"ఇందులో నేను యాడుండా మేడం?"

మేడం ఒక గడి చూపించారు. "ఈడ. నిద్ర రాదు అన్నోళ్ళు అందరూ ఈ అంకెలో ఉండారు."

"ఇంతమందిమా?" ఆ పిల్ల మేడం పక్కన కూర్చుండిపోయింది. "నేనొకతే అనుకుంటిని."

"కాదు. నిన్నొక్కదాన్ని ఇందులో నుంచి ఎవరూ బయటికి లాగలేరు. నేను కూడా."

ఆ పిల్ల ఆ అంకె మీద వేలు పెట్టింది. "అక్కా, ఇట్ల రా. మనం ఈడుండాం చూడు," అని కేక వేసింది. కనగానపల్లి అక్క సబ్బు చేతులు లంగాకు తుడుచుకుంటూ వచ్చి, కాసేపు చూసి, తన వేలు కూడా దాని పక్కన పెట్టింది. ఇంకో ఇద్దరు వచ్చారు. తడి వేళ్ళు. కాగితం మీద సిరా మెల్లగా అలుక్కుపోతోంది. నేను కాగితం లాగబోయాను. మేడం నా చెయ్యి పట్టుకుని ఆపారు.