బకెట్ల సంఘానికి కొత్త మనిషి

మౌలాలీ రేకుపని మనిషి. బండ్లపాలెంలో ధాన్యం డబ్బాలు, నీళ్ళ బకెట్లు, కిరసనాయిలు గరాటాలు అన్నీ అతని చేతిలోంచి వచ్చినవే. మాచవరం సంతకు కూడా సైకిలు వెనక కట్టుకుని తీసుకెళ్ళేవాడు. ఎనభై మూడు వేసవిలో ఊళ్ళో ఒకే మధ్యాహ్నం ఇరవై రెండు గడ్డి కప్పుటిళ్ళు తగలబడ్డాయి. నరసరావుపేట నుంచి ఫైరింజను వచ్చేసరికి బూడిద కూడా చల్లారిపోయింది. మర్నాడు బడిపంతులు అమరేశ్వరరావు మౌలాలీ కొట్టుకు వచ్చి, ఇంజను కోసం కూర్చుంటే ఊరు మిగలదనీ, మనమే ఏదో ఒకటి చేసుకోవాలనీ అన్నాడు. మౌలాలీ అప్పటికప్పుడు నలభై బకెట్లు చేయడానికి ఒప్పుకున్నాడు. అలా మొదలైంది సంఘం. పంతులు దానికేదో పొడుగాటి పేరు పెట్టాడు గానీ జనం బకెట్ల సంఘమనే అన్నారు.

ఆ ఊళ్ళో రెండు పార్టీలు. తూర్పు బజారుకు వీరాంజనేయులు పెద్ద. పడమటి బజారుకు అతని దాయాది పెద్ద. ఈ బజారు పెళ్ళికి ఆ బజారు వాళ్ళు వెళ్ళరు. చివరికి టీకొట్లు కూడా రెండు. అలాంటి చోట సంఘం పది రోజులు నిలవాలంటే ఒక కట్టుబాటు ఉండాలని మౌలాలీయే పట్టుబట్టి రాయించాడు. వచ్చినవాణ్ణి ఏ బజారని అడగకూడదు. మూడు నెలలు పని నేర్పాలి. నేర్పినవాడు సరే అంటే పేరు రిజిస్టరులో ఎక్కాలి. నేర్పేవాడు మౌలాలీ. నాలుగేళ్ళలో ముప్పై నాలుగు పేర్లెక్కాయి. అందులో రెండు బజార్లవాళ్ళూ ఉన్నారు. బావి నుంచి మంట దాకా వరసలో నిలబడితే ఒకరి చేతిలో బకెట్టు ఒకరు అందుకోక తప్పదు.

ఎనభై ఏడు డిసెంబరులో ఒక ఆదివారం పొద్దున బడి వరండాలో అందరూ కూర్చుని ఉండగా పెదకోటయ్య మెట్లెక్కి వచ్చాడు. నలభై దాటిన మనిషి. భుజం మీది కండువా తీసి చేత్తో పట్టుకున్నాడు. ఎవరూ కూర్చోమనలేదు.

"నన్ను కూడా చేర్చుకోండి," అన్నాడు.

పంతులు మౌలాలీ వైపు చూశాడు. ఆ తరవాత వరండాలో ఉన్న ప్రతివాడూ అటే చూశాడు.

పెదకోటయ్య వీరాంజనేయులు మనిషి. ఎనభై ఒకటిలో బస్టాపు దగ్గర టీకొట్టు మీద నాటుబాంబు పడింది. వేసింది పడమటి బజారువాడి మీద. తగిలింది టీ తాగడానికి వెళ్ళిన ఖలందర్‌కి. ఖలందర్ మౌలాలీ తమ్ముడు. కుడి చెయ్యి మణికట్టు దాకా పోయింది, కుడి కన్ను పోయింది. కేసులో పెదకోటయ్య పద్నాలుగు నెలలు జైల్లో ఉన్నాడు. సాక్ష్యం లేక కేసు కొట్టేశారు. వేసినవాణ్ణి ఖలందర్ చూశాడు. ఆస్పత్రిలో అన్నతో పెదకోటయ్య అని పేరుతో సహా చెప్పాడు. కోర్టులో మాత్రం పొగలో ఏమీ కనపడలేదన్నాడు. అలా చెప్పమని అతణ్ణి బతిమాలింది మౌలాలీయే. వాయిదాకు ముందు రోజు తూర్పు బజారు నుంచి ఒకరు కొట్టుకు వచ్చి, నీకు పెళ్ళాం బిడ్డలున్నారు కదా అని అడిగి వెళ్ళారు. ఆ సంగతి మౌలాలీ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు ముప్పైమంది ఎదుట మౌలాలీ, "వచ్చే ఆదివారం ఆరింటికల్లా బావి దగ్గరుండు," అన్నాడు. కాదంటే తను రాయించిన కట్టుబాటును తనే చించినట్టవుతుంది.

ఇంటికి వెళ్ళేలోపే కబురు ఇల్లు చేరింది. మౌలాలీ భార్య ఫాతిమా అన్నం పెట్టింది గానీ పక్కన కూర్చోలేదు. ఖలందర్ గోడకు ఆనుకుని కూర్చుని, మూడు నెలలయ్యాక నువ్వు సరే అనకపోతే సరిపోతుందిగా అన్నాడు. అని అన్న ముఖంలోకి చూశాడు. మౌలాలీ కంచంలోంచి తల ఎత్తలేదు.

పని నేర్పడంలో మౌలాలీ అతణ్ణి ఏమాత్రం వదల్లేదు. మిగతావాళ్ళు నిచ్చెన నాలుగుసార్లు ఎక్కితే ఇతణ్ణి పన్నెండుసార్లు ఎక్కించాడు. తడిపిన గోతాలు మోయించాడు. కప్పు లాగే కొక్కెం కర్రను ఒంటిచేత్తో ఎత్తించాడు. పెదకోటయ్య మారు మాట్లాడకుండా చేశాడు. పని మాటలు తప్ప ఇద్దరి మధ్యా మరో మాట లేదు. వీరాంజనేయులే ఇతణ్ణి పంపాడనీ, సంఘంలో పడమటి వాళ్ళు ఏమనుకుంటున్నారో వినడానికి వచ్చాడనీ గుసగుసలు పుట్టాయి. మౌలాలీకీ అదే అనుమానం. మార్చి నెలలో గడువు అయిపోయింది. పంతులు రిజిస్టరు తెరిచి అడిగితే, ఇంకో నెల చూద్దామన్నాడు మౌలాలీ. అంతకుముందు ఎవరి విషయంలోనూ అలా అనలేదని అక్కడున్న అందరికీ తెలుసు. ఎందుకని పెదకోటయ్య కూడా అడగలేదు.

ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం ఒంటిగంటప్పుడు తూర్పు బజారులో గురవమ్మ ఇంటి కప్పు అంటుకుంది. గాలి పడమటి నుంచి కొడుతోంది. సంఘం ఈల వినపడగానే మౌలాలీ సోల్డరు కడ్డీ పారేసి పరిగెత్తాడు. అతను వెళ్ళేటప్పటికే బావి నుంచి వరస కట్టారు. గురవమ్మను, ఆమె గింజల కుండలను బయటికి తెచ్చారు గానీ ఇల్లు దక్కలేదు. చూస్తుండగానే మంట ఎగిరి పక్కనున్న వీరాంజనేయులు చొప్పవామి మీద పడింది. వామి పక్కనే అతని గొడ్లచావిడి. దాని కప్పు లాగేస్తే మంట అక్కడితో ఆగుతుంది. లాగకపోతే అవతల నలభై ఇళ్ళు, అన్నీ గడ్డి కప్పులే. మౌలాలీ ఆరుగుర్ని పేరు పెట్టి పిలిచి, నిచ్చెనలూ కొక్కేలూ తీసుకుని చావిడిలోకి నడవమన్నాడు.

పెదకోటయ్య చేతిలో బకెట్టు వదిలేసి చావిడి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"లోపలికి పోమాకండి. గడ్డి కింద సరుకుంది."

సరుకంటే నాటుబాంబులని ఆ ఊళ్ళో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. నిచ్చెన పట్టుకున్న వెంకటయ్య పడమటి బజారువాడు. యజమాని కప్పు చెడిపోతుందని అడ్డుపడుతున్నావా అని మీదికి వెళ్ళాడు. వీరాంజనేయులు తన అరుగు మీదే నిలబడి ఉన్నాడు. లోపల ఏమీ లేదనీ, వాడు తాగి వాగుతున్నాడనీ, ముందు గొడ్లను విప్పమనీ అరిచాడు. పెదకోటయ్య అటు చూడలేదు. మౌలాలీ వైపే చూస్తూ అన్నాడు:

"ఈశాన్యం మూల. రెండు బుట్టలు. కిందటేడు పెట్టింది నేనే."

 మౌలాలీ లెక్క వేసుకున్నాడు. ఈ మాట అబద్ధమై తను నమ్మితే నలభై ఇళ్ళు పోతాయి. నిజమై నమ్మకపోతే ఆరుగురు పోతారు. చెప్తున్నవాడు ఎవడు? తమ్ముడి చెయ్యి తీసేసినవాడు. వాడి మాట మీద ఊరిని పెట్టాలా? ఆ చేతుల వంక చూశాడు. గుమ్మం రెండు పక్కలా ఆనించి ఉన్నాయి. వణుకుతున్నాయి. నాలుగు నెలలుగా పన్నెండేసిసార్లు నిచ్చెనెక్కించినా ఆ చేతులు వణకడం అతనెప్పుడూ చూడలేదు.

ఈల తీసి మూడుసార్లు ఊదాడు. మూడు ఊదితే వెనక్కి రమ్మని. వరస వెనక్కి జరిగింది. చావిడిని వదిలేసి, దానికవతల ఉన్న రెండిళ్ళ కప్పులు లాగమన్నాడు. ఆ ఇళ్ళవాళ్ళు కాళ్ళకు అడ్డం పడి ఏడుస్తున్నా లాగారు. పెదకోటయ్య మాత్రం వెనక్కి రాలేదు. చావిడిలోకి దూరి పలుపులు కోశాడు. నాలుగు గేదెలు తోసుకుంటూ బజారులోకి వచ్చాయి. వాటి వెనక అతను గుమ్మం దాటి పది అడుగులు వేశాడో లేదో, ఈశాన్యం మూల పేలింది. ఒకటి కాదు, వరసగా. గోడ కూలింది. వీరాంజనేయులు అరుగు మీద కనపడలేదు.

పొగ తగ్గాక చూస్తే పెదకోటయ్య బోర్లా పడి ఉన్నాడు. ఎడమ చెవిలోంచి రక్తం కారుతోంది. మౌలాలీయే వెళ్ళి తిప్పి కూర్చోబెట్టాడు. ఆ మనిషిని అతను చేత్తో తాకడం అదే మొదలు. కప్పులు లాగిన రెండూ తప్ప అవతలి ఇళ్ళన్నీ నిలిచాయి. ఎవరి ప్రాణమూ పోలేదు.

పోలీసులు వచ్చారు. పెదకోటయ్య ఉన్నదున్నట్టు చెప్పి సంతకం పెట్టాడు. ఆ సాయంత్రమే అతని భార్య పోలేరమ్మ వంటసామాను మూట కట్టింది. మొగుణ్ణి తీసుకుని పుట్టిల్లు నాదెండ్ల వెళ్ళిపోయింది. ఆదివారం సంఘంలో పంతులు రిజిస్టరు తెరవకముందే మౌలాలీ సరే అన్నాడు. ముప్పై అయిదో పేరు ఎక్కింది. ఆ పేరుగల మనిషి మాత్రం ఊళ్ళో లేడు.

కేసు గురజాల కోర్టుకు వచ్చింది. నేరం ఒప్పుకుని అప్రూవరుగా మారిన పెదకోటయ్య మొదటి సాక్షి. గుమ్మం దగ్గర ఆ మాట చెవులారా విన్నందుకు మౌలాలీ రెండో సాక్షి. వాయిదాకు వారం ముందు వీరాంజనేయులు మేనల్లుడు కొట్టుకు వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. నెమ్మదిగానే మాట్లాడాడు. అంత మంటల మోతలో ఎవరు ఏమన్నారో ఏం వినపడుతుందిలే అన్నాడు. వినపడలేదంటే అందరికీ మంచిదన్నాడు. ఫాతిమా బాగుందా, పిల్లలు బడికెళ్తున్నారా అని అడిగి లేచి వెళ్ళాడు.

ఖలందర్ అక్కడే ఉన్నాడు. చెయ్యి పోయినప్పటి నుంచి రేకును కాలితో తొక్కిపట్టి అన్నకు సాయం చేసేవాడు. కాలు తియ్యకుండానే అడిగాడు.

"అప్పుడు కూడా ఇట్నే వచ్చారా?"

"వచ్చారు."

"అందుకా నన్ను ఆపింది."

"అందుకే," అన్నాడు మౌలాలీ. ఏడేళ్ళ నుంచి గొంతులో ఉన్న మాట అది. తమ్ముడు ఏమంటాడోనని ఎదురు చూశాడు. ఖలందర్ రేకును కొంచెం పక్కకు జరిపి, కొట్టమన్నట్టు కాలు గట్టిగా అదిమాడు.

వాయిదా రోజు పొద్దున బస్సెక్కేటప్పుడు మౌలాలీ తనొక్కడే అనుకున్నాడు. పంతులు సెలవు పెట్టి వచ్చాడు. వెంకటయ్య వచ్చాడు. ఖలందర్ వచ్చి ఎక్కాడు. తరవాత ఒక్కొక్కరే. అందరూ రాలేదు, ఇరవై ఒక్కమంది వచ్చారు. తూర్పు బజారువాళ్ళు నలుగురు ఎవరి పక్కనా కూర్చోకుండా వెనక సీట్లో కూర్చున్నారు, కానీ వచ్చారు. గురజాలలో నాదెండ్ల వైపు నుంచి వచ్చిన బస్సు దిగి పెదకోటయ్య నిలబడిపోయాడు. చుట్టూ మేనల్లుడి మనుషులున్నారేమోనని చూస్తున్నాడు. సంఘంవాళ్ళు వెళ్ళి అతని చుట్టూ చేరారు.  బస్టాండు నుంచి కోర్టు దాకా అతణ్ణి మధ్యలో పెట్టుకుని నడిచారు. మేనల్లుడు టీకొట్టు దగ్గర నిలబడి లెక్కపెట్టినట్టు చూశాడు.

కోర్టు వరండాలో పెదకోటయ్య తనకు వినపడే కుడిచెవి మౌలాలీ వైపు తిప్పి నిలబడ్డాడు.

"టీకొట్టు మీద వేసింది నేనే. ఖలందర్ ఆడుండాడని తెలవదు. ఆ మాట చెప్పాలనే సంఘంలోకి వచ్చా. మీ గడప తొక్కడానికి మొహం చెల్లలా."

మౌలాలీకి అతణ్ణి గోడకేసి కొట్టాలనిపించింది. ఇన్నేళ్ళూ తెలిసిన మాటే, వాడి నోటి నుంచి వింటే వేరేగా ఉంది. అయినా, "ఆ మాట చెప్పాల్సింది నాకు కాదు. మా వాడు వచ్చాడు. గేటు దగ్గరున్నాడు, పో," అన్నాడు.

పెదకోటయ్య వెళ్ళాడు. గేటు దగ్గర ఇద్దరూ ఎదురెదురుగా నిలబడటం మౌలాలీ దూరం నుంచి చూశాడు. ముందు పెదకోటయ్య మాట్లాడాడు. ఆ తరవాత ఖలందర్ ఏదో అన్నాడు. చెవి వినపడక కాబోలు, పెదకోటయ్య ముందుకు వంగాడు. ఖలందర్ రెండోసారి అన్నాడు. అంతలో లోపలి నుంచి పిలుపు వచ్చింది.

మౌలాలీ బోనులో నిలబడ్డప్పుడు వీరాంజనేయులు ముందు బెంచీలోనే ఉన్నాడు. మంటల మోతలో నీకు అంత స్పష్టంగా ఎలా వినపడిందని లాయరు అడిగాడు. ఎదుటివాడికీ తనకూ మధ్య నాలుగడుగులే ఉందనీ, రెండుసార్లు విన్నాననీ మౌలాలీ చెప్పాడు. ముద్దాయి అంటే నీకు పాతకక్ష లేదా అన్నాడు లాయరు. ముద్దాయి మీద కాదు, చెప్పిన సాక్షి మీదే నాకు కక్ష, అయినా అతను చెప్పింది నిజం అన్నాడు మౌలాలీ. 

వీరాంజనేయులుకు మూడేళ్ళు పడింది. పైకోర్టుకు వెళ్ళి బెయిలు మీద వచ్చాడు గానీ మునుపటిలా అరుగు మీద కూర్చోలేదు. పెదకోటయ్య బండ్లపాలెం మళ్ళీ కాపురానికి రాలేదు. ఏటా ఎండాకాలం రెండు నెలలు మాత్రం వచ్చి పంతులు వరండాలో పడుకుని సంఘం పని చేసి వెళ్ళేవాడు. మౌలాలీ అతణ్ణి ఎప్పుడూ ఇంటికి పిలవలేదు. పని ఉంటే పక్కన నిలబడేవాడు.

ఆ రోజు గురజాల నుంచి తిరిగొచ్చేటప్పుడు ఖలందర్ అన్న పక్కనే కూర్చున్నాడు. గేటు దగ్గర అతనితో ఏమన్నావని మౌలాలీ అడిగాడు. ఖలందర్ కిటికీలోంచి మిరపచేల వైపు చూస్తూ, అది మా ఇద్దరి సంగతి అన్నాడు.