మునియప్పన్న మానేసిన మందు

కరివేపాకు రెమ్మను రెండు అరచేతుల మధ్య పెట్టి గట్టిగా ఒక చరుపు చరిస్తే వచ్చే వాసన వేరు, నూనెలో వేస్తే వచ్చే వాసన వేరు. మొదటిది పచ్చిగా, కాస్త నిమ్మతొక్కలా ముక్కుకు ఎదురొస్తుంది. తమిళనాడులోని ధర్మపురిలో, నాలుగు రోడ్ల కూడలికి దగ్గర్లో, ఒక హోటలు మేడమీద ఉంది మా బార్. నిన్న సాయంత్రం అక్కడ కొత్తగా చేరిన బార్‌టెండర్ మామిడికాయ కాక్‌టెయిల్ మీద వేయడానికి అలా ఆకు చరిచాడు. నేను వంటగది గుమ్మంలో ఉన్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఉల్లిపాయల మీదికి నెట్టేద్దామంటే ఆ పూట ఉల్లిపాయలు ముందే తరిగేసి ఉన్నాయి. ఆ చరుపును ఈ బార్‌కు తెచ్చిన మనిషి మునియప్పన్న. ఆయన పోయి రెండేళ్ళవుతోంది.

ఆయనది ధర్మపురి దగ్గరి పల్లె వెల్లిచందై. ఎన్నో తరాలుగా అక్కడే సేద్యం చేసుకుంటున్న తెలుగువాళ్ళు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు అక్షరం ఒక్కటి కూడా చదవలేడు. బెంగళూరు బార్లలో చాలాకాలం పనిచేసి వచ్చి మా బార్‌కు పెద్ద బార్‌టెండర్ అయ్యాడు. నేను నెల్లూరు నుంచి వంటవాడిగా వచ్చాను. తమిళం ముక్క రాదు. చేరిన రోజు గ్యాసు పొయ్యి వెలగక దాన్ని నోటికొచ్చినట్టు తిడుతుంటే కౌంటర్ అవతల నుంచి ఒక గొంతు వినిపించింది. "ఎవురబ్బా అది, మా ఇంటి మాటతో పొయ్యిని తిట్టేది?" ఆ ఒక్క మాటతో నాకు ఊళ్ళో చుట్టం దొరికినట్టయింది.

ఆయనకో పట్టింపు ఉండేది. బల్ల మీదికి గ్లాసు కంటే ముందు ప్లేటు వెళ్ళాలి. ఎంత తొందరపెట్టినా, ఎంత పెద్దమనిషి వచ్చినా అంతే. "ఖాళీ కడుపుతో వచ్చినోడికి గ్లాసు చూపించగూడదు తమ్ముడూ. ముందు వాడు మనిషి, ఆ తర్వాతే గిరాకీ" అనేవాడు. అందుకే ఉల్లిపాయ, కొబ్బరి ముక్కలు కలిపిన వేరుశనక్కాయలో, ఎండుమిరపకాయల్లో వేయించిన కోడిముక్కలో ముందు నా దగ్గర నుంచి పోవాలి. నా చేతి వంటంటే నాకు కొంచెం పొగరే. ఒకసారి కోడి వేపుడు పంపితే ఆయన ఒక ముక్క నోట్లో వేసుకుని, పక్కనున్న చింతపండు రమ్ము ఒక చుక్క నాకి, ప్లేటు వెనక్కి తోశాడు. "ఉప్పు తగ్గించల్ల. నీ కోడి ఒకటే గెలిస్తే సరిపోదు, పక్కనుండే గ్లాసును కూడా గెలిపించల్ల." నాకు ఒళ్ళు మండింది. ఉప్పు తగ్గించి మళ్ళీ చేశాక, గ్లాసుతో కలిపి రుచి చూసి నోరు మూసుకున్నాను. ఇప్పటికీ ఏ వంటనూ ఒంటరిగా రుచి చూడను.

మా ఇద్దరి మధ్య ఒక మాట దగ్గర తగవు వచ్చింది. ఒక మధ్యాహ్నం నేను సీసాల అలమర చూసి "అన్నా, మందు అయిపోయింది" అని కేకేశాను. ఆయన కత్తి కింద పడేసి పరిగెత్తుకొచ్చాడు. "ఎవురికిప్పా? ఎవురికి ఒళ్ళు బాగలేదు?" రమ్ము సీసా చూపిస్తే నడుం పట్టుకుని నవ్వాడు. "మీ నెల్లూర్లో దీన్ని మందంటారా? మాకు మందంటే జరమొస్తే మింగేదే. అట్లయితే ఇది బారు గాదు, ధర్మపురి ధర్మాసుపత్రి!" ఆనాటి నుంచి నా మాటను ఆయన పట్టేసుకున్నాడు. కాక్‌టెయిల్ కలుపుతూ "మూడో బల్ల పేషెంటుకు మందు రెడీ" అని నాకు మాత్రమే అర్థమయ్యేలా అరిచేవాడు.

నవ్వేవాణ్ణే గానీ, ఆ మందంటే నాకు భయం. మా నాన్న దానితోనే పోయాడు. అమ్మ బతిమాలింది, నేను కాళ్ళు పట్టుకున్నాను, ఆయన మానలేదు. మునియప్పన్న కూడా పని ముగిశాక కిటికీ దగ్గర కూర్చుని ఒక గ్లాసు తాగేవాడు. రోజంతా ఇతరులకు కలిపిన చేత్తో తనకోసం తీరుబడిగా ఒకటి కలుపుకోవడం ఆయనకు మహా ఇష్టం. పోనుపోను మనిషి చిక్కిపోసాగాడు. బుగ్గలు లోపలికి పోయాయి. నెలకోసారి చుట్టాల పనంటూ సేలం వెళ్ళి, తిరిగొచ్చాక నా వంట వాసనకే మొహం తిప్పుకునేవాడు. అంతా ఆ గ్లాసు వల్లేనని నేను తీర్మానించేశాను. "మందు మానేయండన్నా" అని వెంటపడేవాణ్ణి. "డాక్టరు నువ్వా, నేనా?" అని తప్పించుకునేవాడు.

మామిడికాయల కాలంలో, బార్ ఇంకా తెరవకముందు, ఇద్దరం కాయలు చెక్కుతున్నాం. ఆయన తల ఎత్తకుండానే అన్నాడు.

"తమ్ముడూ, మందు నిలిపేసినా."

"నిజంగానా అన్నా?"

"నిజంగానే. ఇంగ వద్దనిపించింది. ఇంట్లో మా పాపమ్మకు తెలుసు. నీకు కూడా చెప్పల్ల గదా."

నేను ఆయన్ని వాటేసుకున్నాను. ఎప్పుడో మా నాన్న నోట వినాలనుకున్న మాట అది. ఆయన ఇంకేదో అనబోయాడు. నేనప్పటికే వంటగదిలోకి పరిగెత్తి పాయసానికి పాలు పొయ్యి మీద పెట్టాను. గిన్నెడు పాయసం తిన్నాడు, నా మొహం వైపు చూస్తూ. ఆ సాయంత్రం కిటికీ దగ్గర కూర్చున్నాడు గానీ గ్లాసు ముట్టలేదు. ఆ తర్వాత కూడా ముట్టలేదు. పైగా ఆకలి పుట్టింది. ఏది చేసిపెట్టినా ఇష్టంగా తిన్నాడు. మందు మానేస్తే మనిషి ఎలా తేరుకున్నాడో చూడండని కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకున్నాను.

వానలు మొదలయ్యేసరికి ఆయన లేడు. తాగినన్నాళ్ళ చేటే చివరికి తీసుకుపోయిందనుకున్నాను.

కర్మ అయిపోయాక వెల్లిచందై వెళ్ళాను. ఆయన భార్య పాపమ్మ వదిన నాకు మజ్జిగ తెచ్చిచ్చి ఎదురుగా కూర్చుంది. ఏదో ఓదార్పుగా అందామని, "చివర్లో బాగా తేరుకున్నాడు వదినా, మందు మానేశాక" అన్నాను.

"ఏ మందుప్పా?" అంది ఆమె.

నాకు అర్థం కాలేదు. ఆమె మెల్లగా చెప్పింది. "సేలం ఆస్పత్రిలో కేన్సరుకు ఎక్కిస్తా ఉన్న మందు. అది పడితే అన్నం వాసన గూడా గిట్టేది కాదు. ఇంగ గుణం కాదని డాక్టరే చెప్పేసినాడు. ఉన్నన్ని దినాలు నోటికి రుచన్నా ఉండనీ అని మీ అన్నే నిలిపేసినాడు. నీకు చెప్పేదానికే ఆ పొద్దు తొందరగా వచ్చినాడు. ఇంటికొచ్చి నవ్వినాడు, ఏడ్చినాడు. 'వాడు నెల్లూరు మందనుకున్నాడు పాపా, పాయసం చేసి పెట్టినాడు, ఇంగ ఎట్ల చెప్పేది?' అనినాడు."

"మరి ఆ గ్లాసు కూడా ముట్టలేదు కదా వదినా."

"నేనే తాగమంటి. ఇంగ దేనికి మానేది, నీ ఆశ తీర్చుకో అంటి. 'వద్దు, తంబి సంతోషం అబద్ధమైపోతాది' అనినాడు."

మజ్జిగ చేతిలోనే ఉండిపోయింది. మా నాన్న తన ప్రాణం కోసం మానలేనిదాన్ని, ఏ రక్తసంబంధమూ లేని ఈ మనిషి, ప్రాణం ఎలాగూ దక్కదని తెలిశాక, నా కోసం మానేశాడు. ఎవరూ నన్ను అంతగా ప్రేమించలేదేమో అనిపిస్తుంది. ఆ ప్రేమ నా గుండెల మీద బరువుగా ఉంటుంది, దించుకోవాలని కూడా లేదు. ఇప్పుడు బార్‌లో ఎవరు నాతో ఏం చెప్పడానికి వచ్చినా చేతిలో పని పక్కన పెట్టి, మాట పూర్తయ్యేదాకా కూర్చుంటాను. అయినా ఆయన మీద నాకు కొంచెం కోపం మిగిలే ఉంది. ఒక్క మాట చెప్పి ఉంటే, ఆ సాయంత్రాల్లో ఆయన గ్లాసు నా చేత్తో నేనే కలిపి ఇచ్చేవాణ్ణి.