నా పేరుతో అచ్చయిన అర్థశాస్త్రం

ఈ మాట ఇన్నేళ్లూ మా ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. మీరు నన్నెరగరు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో. స్థూల అర్థశాస్త్రం మీద నా పేరుతో ఒక గైడు ఉంది. ఎవరైనా దాన్ని మెచ్చుకున్నప్పుడల్లా అక్కణ్ణుంచి లేచి వెళ్లిపోవాలనిపిస్తుంది.

ఎనభైల్లో బాపట్లలో బి.ఏ. పిల్లలకు పాఠాలు చెప్పేవాణ్ణి. కోటేశ్వరి వేటపాలెం నుంచి రైల్లో వచ్చేది. నేతపనివాళ్ల అమ్మాయి. జాతీయాదాయం పాఠం నేనెంత చెప్పినా క్లాసుకు ఎక్కేది కాదు. ఆ అమ్మాయి తన నోటుపుస్తకంలో ఇలా రాసుకుంది: “చీర ధరలో నూలు ధర కలిసే ఉంది. చీరనూ నూలునూ విడిగా కూడితే నూలును రెండుసార్లు లెక్కపెట్టినట్టు.” ఒక్క నూలు ధర పెరిగితే ద్రవ్యోల్బణం కాదట, నూలు, బియ్యం, కిరసనాయిలు, బస్సు చార్జీ, అన్నీ కలిసి పెరుగుతూ పోతేనట. పుస్తకమంతా అలాగే ఉంది.

తప్పులుంటే దిద్ది ఇస్తానని అడిగి తీసుకున్నాను. నిజంగా దిద్దడానికేనా? అప్పటికే తెనాలిలో ఒక ప్రెస్సు ఆయన తేలిక తెలుగులో గైడు రాసిమ్మని అడిగి ఉన్నాడు. రెండు నెలలు కుస్తీపట్టినా నా కలం కదల్లేదు. శీర్షికలు పెట్టి, చివర ప్రశ్నలు చేర్చి, ఆమె పుస్తకాన్నే ప్రెస్సుకిచ్చాను. ముందుమాటలో “విద్యార్థుల సహకారానికి కృతజ్ఞతలు” అని రాసి, దాంతో చెల్లుకు చెల్లు అనుకున్నాను.

పరీక్షల ముందు కోటేశ్వరి అడిగితే, ఎక్కడో పోయిందన్నాను. నమ్మింది. నా పేపరులోనే తప్పింది. మళ్లీ పరీక్షకు కట్టలేదు. జీడిపప్పు కొట్టే పనికి వెళుతోందని తర్వాత విన్నాను. విని ఊరుకున్నాను.

తొంభైల్లో రేపల్లె కాలేజీకి మారాను. ఒకరోజు కోటేశ్వరి వచ్చింది. పెళ్లయి ఆ ఊళ్లోనే ఉంటోందట. ఆడపడుచును చేర్పించడానికి తీసుకొచ్చింది. చేతిలో ఆ గైడు.

“బాగున్నారా సార్? మా ఆడపడుచుకి కొన్నానండి. చీర లెక్క భలే ఉంది.”

“నువ్వు మళ్లీ పరీక్ష రాయలేదేంటమ్మా?” అన్నాను. అప్పుడు నేను అడగాల్సింది అదా?

“పుస్తకం పోయాక ధైర్యం చాల్లేదండి. ఈ గైడు అప్పుడే వచ్చుంటే గట్టెక్కేదాన్నేమో. దీనిమీద మీ సంతకం పెట్టండి సార్.”

ఆమె ముఖంలో ఎగతాళి కోసం వెతికాను. కనిపించలేదు. తన వాక్యాలు తాను గుర్తుపట్టలేదా? లేక మాస్టారు అంతపని చేస్తారని అనుకోవడం ఇష్టంలేక, నన్ను కాదు, తన జ్ఞాపకాన్నే అనుమానించుకుందా? ఇప్పటికీ తెలియదు. ఆ క్షణంలో ఒక్కమాట చెబితే సరిపోయేది. ఆడపడుచు పక్కనే ఉంది. గుమాస్తా చూస్తున్నాడు. నేను సంతకం పెట్టాను.

మొదటిది దొంగతనమైతే, ఆ సంతకాన్ని ఏమనాలి?

ఆమె మళ్లీ కనబడలేదు. నేనూ వెతకలేదు. క్షమించమని అడగనివాడికి క్షమ ఎక్కడిది? అందుకే మిమ్మల్నీ అడగను. ఆ గైడు రాసింది కోటేశ్వరి. ఈ ఒక్క వాక్యం రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. రాశాక కాస్త ఊపిరాడుతోంది.