మావయ్య వేసిన ఆఖరి వేషం

మా మేనమామ పోయారు. బుధవారం పొద్దున్న ఆక్సిజన్ కోసం వరసలో నిలబడి ఉండగా మా అమ్మాయి ఫోన్ చేసి, ఇంక వచ్చేయమంది. ఖాళీ సిలిండరు దొర్లించుకుంటూ వానలో తామ్వేలో మా ఇంటి దాకా నడిచాను.

ఇంగ్లండులో నలభై ఏళ్లు టీవీల్లో, సినిమాల్లో నటించిన మనిషి ఆయన. పేరు మీరెవరూ విని ఉండరు. బర్మా రేవులో మూటలు మోసిన తెలుగు కుటుంబం మాది. పంతొమ్మిదో ఏట ఓడలో పనికి కుదిరి, లండన్‌లో దిగిపోయారు. హోటల్లో గిన్నెలు కడుగుతుంటే ఎవరో మొహం చూసి, షూటింగులో గుంపులో నిలబడమన్నారట. తరవాత డాక్టరు, కొట్టువాడు, టాక్సీ డ్రైవరు, ఎక్కువసార్లు శవం. ఏ పాత్రకీ పేరుండేది కాదు. మా దేశం తలుపులు మూసుకున్న రోజుల్లో ఓడ మనిషి ఒకడి చేతికిచ్చి క్యాసెట్టు పంపితే, పబేడాన్ పేటలో ఒక టీకొట్టులో మావాళ్లంతా చేరి చూశాం. మావయ్య ట్రే పట్టుకొచ్చి, టీ పెట్టి వెళ్లిపోయారు. అంతే. ఆ ముక్కే మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పించింది అమ్మమ్మ.

అత్తయ్య పోయాక, అప్ప దగ్గరుంటానని రెండేళ్ల కిందట మా ఇంటికి వచ్చేశారు. అప్ప అంటే వాళ్లక్క, మా అమ్మ. ఇస్త్రీ చొక్కా తొడిగితే కూర్చునేవారు కాదు. షూటింగులో బట్టలు నలగకూడదని పడిన అలవాటట. టీ కూడా నిలబడే తాగేవారు. "మాటల్లేనప్పుడు సేతులేటి సెయ్యాలో తెలిసినోడే నటుడమ్మీ" అనేవారు. సైన్యం గద్దెనెక్కాక, ఇంగ్లండు వాళ్లని తీసుకెళ్లే విమానంలో చోటుందని కబురొస్తే, అప్పని వదిలి ఎక్కడికీ రానన్నారు.

ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం మా వీధిలో కాల్పులు జరిగాయి. నిరసన ఊరేగింపుకి వెళ్లిన మా అమ్మాయి, స్నేహితురాలితో పరిగెత్తుకొచ్చింది. వెనకే మెట్ల మీద బూట్ల చప్పుడు. పిల్లలిద్దరినీ మంచం కిందకి తోసి, మావయ్య పైన పడుకుని, దుప్పటి నేలదాకా జార్చి మొహం కప్పుకున్నారు.

"అప్పా, ఏడు" అన్నారు లోపల్నుంచి.

బతికున్న తమ్ముడి మీద పడి అమ్మ ఎలా ఏడుస్తుంది?

"నాను పోయేననుకో. కింద పిల్లలున్నారు. ఏడు."

తలుపు ఊడేలోపు అమ్మ గొంతెత్తింది. ఒక సిపాయి దుప్పటి తీసి చూశాడు. తుపాకీ కొసతో చెంప కదిపాడు. తల అటు వాలిపోయింది. ఆ సిపాయే దుప్పటి మళ్లీ కప్పాడు. వెళ్లిపోయారు.

మా అమ్మాయి ఈరోజు నా ఎదురుగా ఉందంటే ఆయన వల్లే.

అమ్మ మాత్రం ఆ రోజునుంచి తనని తానే తిట్టుకుంది, బతికున్నవాడి మీద ఏడ్చానని. వానాకాలంలో మావయ్యకి జ్వరం తగిలింది. డాక్టర్లు కొందరు సమ్మెలో, కొందరు జైల్లో. ఆస్పత్రుల్లో చోటు లేదు. ఐదు రోజులు ఊపిరి కోసం కొట్టుకున్నారు. నాలుగో రోజు నన్ను దగ్గరికి పిలిచి, "అప్ప తప్పేటీ లేదని సెప్పమ్మీ. నాను సెప్తే నమ్మట్లేదు" అన్నారు. చెప్పాను. నేను చెప్పినా నమ్మలేదు.

నేను ఇల్లు చేరేసరికి ఆయన్ని తీసుకెళ్లడానికి వాలంటీర్లు వచ్చి ఉన్నారు. అమ్మ ఏడవడం లేదు. మావయ్య గుండె మీద చెయ్యేసి కూర్చుని, మొహం మీద బట్ట కప్పనివ్వడం లేదు. "ఇంకాసేపు సూడండి బాబూ" అంది వాళ్లతో, తెలుగులోనే. వాళ్లు నా వైపు చూశారు. బర్మీస్‌లో ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. అయినా తొందరపెట్టలేదు వాళ్లు. గుమ్మం దగ్గరే నిలబడ్డారు. వాళ్ల తెల్ల ప్లాస్టిక్ బట్టల మీంచి వాన నీళ్లు మా గచ్చు మీద బొట్లుబొట్లుగా పడుతున్నాయి.