పురుగు మెడలో పాత చెప్పు

అరవయ్యో దశకం మొదట్లో, మామిడి పూతను మాడ్చేసే తేనెమంచు పురుగు మీద పరిశోధన చేసి, ఆ పురుగుకే తెలియని సంగతులు నేర్చుకున్నాను. ఆ జ్ఞానాన్ని రైతులకు పంచమని చలికాలంలో, పూతకు ముందు నన్ను ఆగిరిపల్లి పంపారు.

బియ్యపు గింజంత పురుగును గుడ్డ మీద దూడంత గీయించి, అక్కడి రైతు వెంకయ్యగారి తోటలో వేలాడదీసి గంటన్నర ఉపన్యసించాను. రెక్కల్లో ఈనెలు, కాళ్ల మీద ముళ్లు, లాటిన్ పేరు, ఏదీ వదల్లేదు. రైతులు తలలూపారు, చప్పట్లు కొట్టారు. బొమ్మను మళ్లీ బస్సులో మోయలేక వెంకయ్యగారికే బహూకరించి, దేశసేవ చేసిన తృప్తితో వచ్చేశాను.

ఎండాకాలం మళ్లీ వెళ్లేసరికి నా పురుగు తోట గుమ్మానికి తలకిందులుగా వేలాడుతోంది. మెడలో నిమ్మకాయలు, ఎండుమిరపకాయలు, ఒక పాత చెప్పు. చెట్లకు మాత్రం కాయల్లేవు.

“దిష్టిబొమ్మగా కట్టామండీ. అయినా పూతంతా మాడిపోయింది,” అన్నారు వెంకయ్యగారు. “ఇంకాస్త భయంకరంగా గీయించి ఉంటే నిలిచేదేమోనండీ.”

నాకు ఒళ్లు మండింది. “మందెందుకు కొట్టలేదండీ?” అని అరిచాను.

ఆయన తెల్లబోయారు. “దీనికి మందుందాండీ? ఆ రోజు మీరు చెప్పలేదే!”

మందు సంగతి నా కాగితాల్లో చివరి పేజీలో ఉంది. నేను అక్కడికి చేరకముందే వేళైందని దండ వేసి, వందన సమర్పణ చేసేశారు. నేనూ మెడ వంచి వేయించుకున్నాను.

ఆ తర్వాత ఏ సభలోనైనా నా మొదటి మాట మందు పేరే. ఆ పాత చెప్పు పాపం పురుగు మెడలో కట్టారు గానీ, న్యాయంగా ఆ దండతో పాటు నాకే పడాల్సింది.