బెర్నడైన్ ప్లాస్టిక్ పిస్తోలు

మా ఎల్డర్ రన్ ఊళ్ళో బెర్నడైన్ సోకోల్‌కి తల అప్పగించనివాళ్ళు దాదాపు లేరు. ఇంటి ముందుగదిలో రెండు కుర్చీలు, ఒక పొడవాటి అద్దం, తల కడిగే తొట్టి పెట్టుకుని నలభై ఒక్క ఏళ్ళుగా జుట్టు కత్తిరిస్తోంది. చెయ్యి ఎంత చురుకో నోరూ అంతే చురుకు. శనివారం మాత్రం ఆ గదికి తాళం పడుతుంది. తుపాకుల క్లబ్బులో పిన్నుల పోటీ జరిగేది ఆ రోజే మరి. అక్కడ గడియారం పట్టుకుని ఎవరికెన్ని సెకన్లు పట్టిందో రాసుకునేది నేను. తక్కిన రోజుల్లో నా జుట్టు ఆమె చేతిలో ఉంటుంది కాబట్టి, రెండు చోట్లా ఆమె మాటలు వినే భాగ్యం నాది.

పోటీ అంటే పెద్ద ఆర్భాటమేమీ ఉండదు. మూతపడ్డ బౌలింగ్ హాలు నుంచి తెచ్చుకున్న, సీసా ఆకారపు చెక్క పిన్నులు ఐదింటిని బల్ల మీద నిలబెడతాం. వెనక ఎత్తైన మట్టిగట్టు. ఐదూ బల్ల దిగి కిందపడేదాకా ఎన్ని సెకన్లు పట్టిందన్నదే లెక్క. తూటాలు మిగిలితే వాటినీ మట్టిగట్టులోకే కాల్చేయాలి, పిస్తోలులో ఏదీ మిగలకూడదు. ఖాళీ అయిన పిస్తోలు స్లైడ్, అంటే ముందుకీ వెనక్కీ జరిగే పైభాగం, వెనక్కి జరిగి, నోరు తెరుచుకుని ఆగాలి. లోపల ఏమీ లేదని వెండెల్ క్రాట్జ్ కళ్ళతో చూసి చెప్పేదాకా కాల్చేవాళ్ళు నిలబడే గీత మీంచి ఎవరూ కదలకూడదు. వెండెల్ ముప్పై ఏళ్ళు ఈ ఊళ్ళో ఉత్తరాలు పంచాడు, ఇప్పుడు మా గీతకి పెద్ద. బయట బెర్నడైన్‌ని "బెర్నీ" అని పిలుస్తాడు. గీత మీద మాత్రం "మీరు", "మిసెస్ సోకోల్". ప్లైవుడ్ చెక్క మీద ఎర్రరంగుతో అతను రాసిపెట్టిన నియమం ఒక్కటే: ఎవరి తుపాకీ వాళ్ళ చేతులతోనే. నింపడమైనా, ఖాళీ చేయడమైనా, తెరిచి చూపించడమైనా ఇంకొకరి చెయ్యి పడకూడదు.

బెర్నడైన్‌కి చిక్కు వచ్చింది అక్కడే.

ఆమె పిస్తోలు భర్త ఎమిల్ ఇచ్చినది. పాతకాలం ఉక్కుది, ఇటుకంత బరువు. ముప్పై నాలుగేళ్ళు దానితోనే కాల్చింది. పోయిన అక్టోబరులో, చలి మొదలైన ఒక శనివారం, స్లైడ్ లాగబోతే రాలేదు. బొటనవేళ్ళ మొదట్లో కీళ్ళ నొప్పి. రెండోసారి లాగింది, సగం దూరం వచ్చి జారిపోయింది. మూడోసారికి ఆమె పెదవి కొరుక్కోవడం నాకు కనిపించింది. పక్కనున్న ట్రూడీ, అంటే ఎమిల్ చెల్లెలు, చెయ్యి చాచింది.

"ట్రూడీ, ఆగండి," అన్నాడు వెండెల్.

ట్రూడీ చెయ్యి వెనక్కి తీసుకుంది. బెర్నడైన్ పిస్తోలు పెట్టెలో పెట్టేసి, తలెత్తుకునే గీత దాటి బయటికి నడిచింది.

మా క్లబ్బులో గీత దిగినవాళ్ళకి, అంటే కాల్చడం మానుకున్నవాళ్ళకి, ఇంకో చోటు ఉంటుంది. షెడ్డు కింద క్యాబేజీ, వెడల్పు నూడిల్సూ వెన్నలో వేయించి వడ్డించే బల్ల. అక్కడున్న ముగ్గురూ ఒకప్పుడు గురి తప్పనివాళ్ళే. ట్రూడీ ఆ రోజు మంచి మనసుతోనే చెప్పింది, కానీ నోరు మంచిది కాదు.

"ఎందుకే ఆ బరువు మోయడం? మే నుంచి గరిటె పట్టుకో. కూర్చునే పని, వెచ్చగా ఉంటుంది."

"నీ అంత్యక్రియల విందులో పట్టుకుంటాలే," అంది బెర్నడైన్.

"అప్పటికీ నీ చెయ్యి పనిచెయ్యాలిగా!"

ఇద్దరూ నవ్వారు. బెర్నడైన్ నవ్వు కాస్త ముందుగా ఆగిపోయింది.

మే రెండో శనివారం కొత్త ఏడాది పోటీల మొదటి రోజు. ఆ రోజు గీత మీద తన చేతులతో తెరిచి చూపించలేకపోతే, గీత మీద ఆమెదైన నాలుగో నంబరు చోటు ఇంకొకరికి వెళుతుంది. వెండెల్ ఎవరికీ మినహాయింపు ఇవ్వడు. ఇస్తే బెర్నడైనే ముందు తిడుతుంది.

ఫిబ్రవరిలో ఆమె నోరీన్ నడిపే తుపాకుల కొట్టుకి వెళ్ళింది. కారులో దించే మనిషిగా నేనూ వెళ్ళాను. నోరీన్ గాజుబల్ల మీద ఐదు పిస్తోళ్ళు వరసగా పెట్టింది. అన్నీ పాలిమర్, అంటే గట్టి ప్లాస్టిక్, పిడివే.

"బొమ్మ దుకాణానికి తీసుకొచ్చావా నన్ను?" అంది బెర్నడైన్ నాతో.

"ముందు పట్టుకో, తరవాత తిట్టు," అంది నోరీన్.

మొదటిది లావు. రెండోది చేతిలో ఇమడలేదు. మూడోది పట్టుకుని బొటనవేలితో పిడి నిమిరింది.

"ఇది చల్లగా లేదేంటి?"

"ప్లాస్టిక్ కదమ్మా. చలిని పీల్చదు."

ఉక్కు పిడి చలికాలపు పొద్దున అరచేతిని ఎలా కొరుకుతుందో కీళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. బెర్నడైన్ దాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. దాని పిడి వెనకభాగం ఊడదీసి మార్చుకునే రకం. చిన్నది, మధ్యది, పెద్దది అని మూడు తొడుగులు ఇస్తారు. చిన్నది బిగించాక, "జుట్టు చుట్టే ఇస్త్రీకర్రలా చేతిలో కూర్చుంది" అంది. ఆమె నోట అంతకన్నా మెప్పు నేను వినలేదు.

స్లైడ్ లాగడం కూడా నోరీనే నేర్పింది. "వేళ్ళతో గిల్లి లాగకు. అరచెయ్యి మొత్తం పైన వేసి పట్టుకో. ఆ చేతిని కదపకు, పిస్తోలునే ముందుకి తొయ్యి." బెర్నడైన్ తోసింది. స్ప్రింగు మెత్తనిది, హాయిగా జరిగింది. మళ్ళీ చేసింది. నాలుగోసారి చేస్తూ అద్దంలో తన మొహం చూసుకుని నవ్వుకుంది.

ఏప్రిల్‌లో మేం ప్రాక్టీసుకి వెళ్ళినప్పుడు ట్రూడీ ఆ పిస్తోలు చూసి పడీపడీ నవ్వింది.

"దీంతో నీళ్ళు కూడా చిమ్ముతాయా? వెండెల్, దీనికి పిల్లల బల్ల వెయ్యి!"

చిన్న తూటాతో కాల్చేవాళ్ళకి పిన్నుల్ని బల్ల వెనక అంచు దగ్గర పెడతాం. తగిలీ తగలగానే పడిపోతాయి. దాన్నే పిల్లల బల్ల అంటారు, ఏడిపించడానికి. బెర్నడైన్ గీత మీదికి వెళ్ళింది. ఐదు పిన్నులూ పడగొట్టింది. తేలిక పిస్తోలు గనక ముక్కు కొంచెం పైకి ఎగురుతోంది, కానీ దెబ్బ మణికట్టు దాకా రావడం లేదు. మిగిలిన తూటాలు మట్టిలోకి కాల్చింది. చివరిది పేలింది, స్లైడ్ వెనక్కి వెళ్ళి తెరుచుకుని ఆగలేదు. టక్కున మూసుకుపోయింది.

ఖాళీ పిస్తోలు నోరు మూసుకుంటే చేత్తో లాగి, పక్కనున్న చిన్న మీటని బొటనవేలితో పైకెత్తి ఆపాలి. సరిగ్గా ఆ బొటనవేలికే మీటని ఎత్తే బలం లేదు. మళ్ళీ నింపి కాల్చింది. మళ్ళీ మూసుకుంది. మూడోసారీ అంతే.

"మిసెస్ సోకోల్, తెరిచి చూపించాలి," అన్నాడు వెండెల్ మెల్లగా.

"చూపిస్తా, ఉండవయ్యా." ఎంతసేపు పట్టిందో నేను రాసుకోలేదు. చివరికి ఎలాగో తెరిచింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నొప్పి వల్లే అని చెప్పింది.

నోరీన్ దగ్గరికి పట్టుకెళితే, కొట్టు వెనకున్న చోట నోరీన్ కాల్చింది. చక్కగా తెరుచుకుని ఆగింది. బెర్నడైన్ కాల్చింది, మూసుకుంది. నోరీన్ మళ్ళీ కాల్చింది, ఆగింది.

"దీనికి నేనంటే పడదు," అంది బెర్నడైన్.

మా క్లబ్బులో ఇంకో అలవాటు ఉంది. కొత్త తుపాకీ కొన్నవాళ్ళు అది చేతికి ఎలా ఉందో ఒక అట్టముక్క మీద రాసి, కాఫీ కుండ పక్కనున్న బోర్డుకి గుచ్చుతారు. కొనాలనుకున్నవాళ్ళు దుకాణదారు మాట కన్నా దాన్నే నమ్ముతారు. ఒక అట్ట మీద "పిడి బాగుంది, గురి బాగుంది, దయచేసి మా ఆవిడకి చెప్పకండి" అని పదేళ్ళుగా ఉంది. బెర్నడైన్ పెన్సిలుతో రాసింది: "చేతికి మెత్తన. చలి అంటదు. పిడి నాకోసమే చేసినట్టుంది. కానీ ఖాళీ అయ్యాక తెరుచుకోదు. లోపం. తిరిగి ఇచ్చేస్తున్నాను." గుచ్చకుండా పర్సులో పెట్టుకుంది. సోమవారం నోరీన్‌కి పిస్తోలు అప్పగించి వచ్చాక గుచ్చుతానంది.

ఆ లోపల శుక్రవారం వచ్చింది. ట్రూడీ ఏడాదికోసారి ఉంగరాల జుట్టు చేయించుకునే రోజు. రెండో కుర్చీలో నా వంతు కోసం కూర్చున్నాను. ట్రూడీ తలనిండా జుట్టుని చుట్టలు చుట్టి బిగించి, బెర్నడైన్ పెర్మ్ మందు పోయడం మొదలుపెట్టింది. చేతి తొడుగులు వేసుకోమని ఎంతమంది చెప్పినా వినదు.

"అబ్బా!" అని చెయ్యి విదిల్చింది.

"ఏం, నా తల కరిచిందా?" అంది ట్రూడీ.

బెర్నడైన్ కుడి బొటనవేలిని కిటికీ వెలుగులో పెట్టి చూసింది. లోపలివైపు చర్మం కందిపోయి ఉంది. ఎర్రదనం మీద సన్నగా నాలుగు అడ్డగీతలు, చిక్కుదువ్వెన పళ్ళు నొక్కినట్టు.

"ఇదేంటి, చూడు." నాకు చూపించింది. "దువ్వెన కాదు. దువ్వెనయితే పళ్ళు దూరంగా ఉంటాయి." కాసేపు గీతలకేసి చూసి, ఒక్కసారి తలెత్తి, లోపలి గదిలోకి పరుగులాంటి నడకతో వెళ్ళిపోయింది.

"ఎక్కడికే! నా తల!" అని అరిచింది ట్రూడీ.

ఇనప్పెట్టెలోంచి పిస్తోలు తెచ్చింది. తూటాలు నింపే మ్యాగజైన్ తీసేసి, లోపల ఖాళీ అని రెండుసార్లు చూసి, నాకూ చూపించింది. అప్పుడు రెండు చేతులా, గీత మీద నిలబడ్డట్టే పట్టుకుంది. కుడి బొటనవేలు తనంతట తాను పైకి వెళ్ళి, ఎడమపక్కనున్న చిన్న మీట మీద కూర్చుంది. స్లైడ్‌ని తెరిచి ఆపే మీట అదే. జారకుండా ఉండటానికి దాని మీద నాలుగు గీతలు చెక్కి ఉన్నాయి.

బెర్నడైన్ కుర్చీలో కూలబడింది.

"ఎమిల్!" అంది. "చచ్చి తొమ్మిదేళ్ళయినా నా బొటనవేలు వదలవా?"

సంగతి ఇది. ఎమిల్ ఉక్కు పిస్తోలుకి సరిగ్గా అక్కడే, పొరపాటున పేలకుండా ఆపే భద్రత మీట ఉంటుంది. బొటనవేలు దాని మీదే ఉంచాలి, ఎప్పుడూ తీయకూడదని మొదటి రోజే ఎమిల్ నేర్పాడు. ముప్పై నాలుగేళ్ళు ఆ వేలు మాట తప్పలేదు. కొత్త పిస్తోలుకి అక్కడ భద్రత మీట లేదు, తెరిచి ఆపే మీట ఉంది. ప్రతిసారీ తన వేలితో తానే దాన్ని కిందికి నొక్కి పట్టి, ఆగలేదని పిస్తోలుని తిడుతోంది. ఉక్కు పిస్తోలుతో పెరిగి ప్లాస్టిక్‌కి మారినవాళ్ళు తప్ప ఈ తప్పు ఇంకెవరూ చెయ్యరు.

"మా అన్న నేర్పింది తప్పంటావా?" అంది ట్రూడీ చుట్టల కిందనుంచి.

"తప్పు కాదే. పాతది."

ఆ వేలుని ఎక్కడ పెట్టాలి, కిందికి దించితే చెయ్యి ఎలా కుదురుతుంది అని మేం ఇద్దరం అద్దం ముందు నిలబడి చూస్తూ ఉండిపోయాం. బెర్నడైన్ తెరవడం, మూయడం, మళ్ళీ తెరవడం. ఖాళీ మ్యాగజైన్ పెట్టి లాగి, వేలు కిందికి ఉంచితే స్లైడ్ తనంతట తానే ఆగిపోయింది. ఆమె చిన్నపిల్లలా కేక వేసింది. ఆ సంబరంలో ట్రూడీ మందు కడగాల్సిన వేళ ఎప్పుడో దాటిపోయింది. ఫలితం చెప్పక్కర్లేదు. ట్రూడీ తల ఉన్ని కత్తిరించని గొర్రెలా తయారయింది.

"నేను చస్తే నా విందులో గరిటె పట్టుకోవడానికి కూడా నువ్వు రావద్దు," అని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయింది.

తక్కిన మూడు వారాలు బెర్నడైన్ ఆ వేలితో పోరాడింది. తెలిసినంత మాత్రాన వేలు వింటుందా? జుట్టు ఆరబెట్టే యంత్రాన్ని పిస్తోలులా పట్టుకుని, బొటనవేలుని కిందికి దించి, ఎడమ బొటనవేలి మీద ఆనించడం సాధన చేసింది. కొందరికి ఒక చెవి పక్క జుట్టు ఎండి, రెండోవైపు తడిగానే ఉండిపోయింది. ఎవరూ ఫిర్యాదు చేయలేదు. గుర్తుకోసం వేలికి ప్లాస్టర్ పట్టీ చుట్టుకుంది. అట్టముక్క మాత్రం పర్సులోనే ఉంది.

మే రెండో శనివారం. పలచటి ఎండ. షెడ్డు కింద వెన్న వాసన. ట్రూడీ టోపీ పెట్టుకునే వచ్చింది, కానీ టోపీ తల మీద నిలవక అరంగుళం పైన తేలుతోంది. వడ్డించే బల్ల మీద ఒక గరిటె ఎవరికోసమో ఖాళీగా ఉంది. బెర్నడైన్ దాన్ని చూసి, చూడనట్టు గీత మీదికి వచ్చింది.

"మిసెస్ సోకోల్, సిద్ధమా?"

"సిద్ధమే."

తెరిచి ఖాళీ అని చూపించింది. ఎనిమిది తూటాల మ్యాగజైన్ పెట్టింది. అరచెయ్యి పైన వేసి, పిస్తోలుని ముందుకి తోసింది. నేను గడియారం నొక్కాను. మొదటి పిన్ను వెనక్కి ఎగిరింది, రెండోదీ అంతే. మూడోది పక్కకి పడి బల్ల మీదే దొర్లితే దానికి ఇంకోటి ఖర్చయింది. నాలుగు పడ్డాక ఆమె ప్లాస్టర్ వేలు మెల్లగా పైకి పాకడం నాకు కనిపించింది. ఆమెకీ తెలిసింది. అరక్షణం ఆగి, వేలు కిందికి దించి, ఐదోదాన్ని పడగొట్టింది. పదకొండు పాయింటు నాలుగు సెకన్లు. మిగిలిన రెండు మట్టిలోకి. ఒకటి. ఇంకొకటి.

స్లైడ్ వెనక్కి వెళ్ళింది. నోరు తెరుచుకుని అలాగే ఆగింది.

వెండెల్ వంగి చూశాడు. అవసరం కన్నా ఎక్కువసేపే చూశాడనుకుంటాను.

"ఖాళీ," అన్నాడు. "మీ చోటు మీదే, మిసెస్ సోకోల్." గీత దాటగానే గొంతు మారింది. "ఏడాదంతా ఇలా ఏడిపించకు బెర్నీ, నా గుండె గట్టిది కాదు."

ఆ రోజు ఆమెకి ఏడో స్థానం. ట్రూడీకి రెండో స్థానం. దాని గురించి ట్రూడీ ఒక్క మాట కూడా అనలేదు, అందుకే నాకు అనుమానం వచ్చింది. బెర్నడైన్ పర్సులోంచి అట్టముక్క తీసి, చివరి మూడు వాక్యాలు కొట్టేసి, పెన్నుతో రాసి బోర్డుకి గుచ్చింది. ట్రూడీ కాఫీ పోసుకునే నెపంతో వెళ్ళి చదివింది. ఆమె ఎడమ చెయ్యి కుడి బొటనవేలి మొదలుని రుద్దుతూ ఉంది. ఎప్పటినుంచి రుద్దుతోందో, మేమెవరం గమనించలేదు.

"ఏదీ, ఒకసారి ఇలా ఇవ్వు," అంది ఎటో చూస్తూ. "ఊరికే, పిడి చూద్దామని."

బెర్నడైన్ నవ్వలేదు, ఏడిపించలేదు. ఆమెని గీత దగ్గరికి తీసుకెళ్ళింది. వెండెల్ చూస్తుండగా పిస్తోలు తెరిచి, ఖాళీ అని చూపించి, చేతికిచ్చింది. ట్రూడీ పట్టుకుంది. వాళ్ళ అన్న నేర్పినట్టే, బొటనవేలు నేరుగా పైకి వెళ్ళి మీట మీద కూర్చుంది.

"బెర్నీ, ఇది చల్లగా లేదేంటి?"

"ముందు ఆ వేలు దించు, చెబుతాను," అంది బెర్నడైన్.

అట్ట ఇంకా బోర్డు మీదే ఉంది. "చేతికి మెత్తన. చలి అంటదు. పిడి నాకోసమే చేసినట్టుంది. తేలిక గనక ముక్కు కొంచెం ఎగురుతుంది, అలవాటవుతుంది. లోపం పిస్తోలులో లేదు. బొటనవేలు కిందికి దించండి. కుదరకపోతే మా ఇంటికి రండి, జుట్టు ఆరబెడుతూ నేర్పుతాను. పెర్మ్ మాత్రం ఆ రోజు వద్దు."